వకీలు దొరకని మనిషి ఓడిపోతే నష్టం ఎవరిది?

చెరగనిరాత:

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వం సాయం చేయడం దయాధర్మమని, ఖజానా నిండుగా ఉన్నప్పుడు చేయాలి, లేనప్పుడు మానుకోవాలని చాలామంది అంటారు. బాగా చదువుకున్నవారు, మంచి మనసున్నవారు కూడా అంటారు. నేను దీనితో ఏమాత్రం ఏకీభవించను. కోర్టుకు రాని కేసు మీద తీర్పు రాదు. తీర్పు రాని చోట చట్టం ఎదగదు. ఎవరి కేసులు కోర్టు దాకా చేరుతున్నాయో వారి అవసరాలకు తగ్గట్టే చట్టం తయారవుతుంది. ఆ చట్టం కిందే అందరం బతకాలి, ఫీజు కట్టగలిగినవాళ్లతో సహా.

ఒక పాత కేసు చెబుతాను. న్యాయశాస్త్రం చదివినవారికి కంఠోపాఠమే కానీ, అందులోని డబ్బు సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1928 ఆగస్టులో స్కాట్లండ్‌లోని పెయిస్లీ పట్టణంలో మే డొనహ్యూ అనే ఆమె, స్నేహితురాలు కొనిచ్చిన జింజర్ బీర్ తాగారు. ముదురు రంగు సీసా, లోపల ఏముందో కనపడదు. కొంత తాగాక మిగిలింది గ్లాసులో పోస్తుంటే కుళ్లిన నత్త బయటపడిందని, దానివల్ల తాను జబ్బుపడ్డానని ఆమె ఫిర్యాదు. కొన్నది స్నేహితురాలు కాబట్టి అమ్మిన దుకాణంతో డొనహ్యూకు ఒప్పందం లేదు. తయారుచేసినవారితో అసలే లేదు. ఒప్పందం లేనప్పుడు దావా ఎలా వేస్తారన్నది అప్పటి ధోరణి. ఆమె న్యాయవాది వాల్టర్ లీచ్‌మన్ ఈ దావా వేయడానికి కొద్ది రోజుల ముందే, సీసాలో చచ్చిన ఎలుక వచ్చిందన్న ఇలాంటి కేసులోనే ఓడిపోయి ఉన్నారు. అయినా ఈ కేసు పట్టుకున్నారు.

అప్పీలు బ్రిటన్ ప్రభువుల సభకు (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అదే) వెళ్లేసరికి ఖర్చులకు హామీ కట్టవలసి వచ్చింది. తనకున్నదంతా కలిపినా ఐదు పౌండ్లు చేయదని డొనహ్యూ ప్రమాణపత్రం దాఖలు చేశారు. నిరుపేదగా గుర్తించి హామీ లేకుండానే అనుమతించారు. 1932లో ముగ్గురు న్యాయమూర్తులు ఆమె వైపు, ఇద్దరు ఎదురు. ఆ ఒక్కరి తేడాతో, వస్తువు తయారుచేసినవారు దాన్ని చివరికి వాడే మనిషి పట్ల కూడా జాగ్రత్త వహించాలన్న సూత్రం స్థిరపడింది. ఇంగ్లండ్ న్యాయ సంప్రదాయం పాకిన చాలా దేశాల్లో అదే ఆధారం. మందు సీసా మూత తీసే రోగికీ, కారు బ్రేకును నమ్మి కూర్చునే సంపన్నుడికీ అది ఒకేలా వర్తిస్తుంది.

ఐదు పౌండ్లు లేని మనిషి కేసు ఇది. లీచ్‌మన్ లాంటివారు దొరకక ఇంటికి తిరిగిపోయినవారి కేసుల నుంచి పుట్టవలసిన సూత్రాల మాటేమిటి? వాటిని లెక్కపెట్టే దారి కూడా లేదు. న్యాయ సహాయాన్ని ఒకరికి చేసే ఉపకారంగా చూడాలా, సమాజం తనకోసం తాను పెట్టుకునే ఖర్చుగా చూడాలా? అందరూ చెప్పండి.

లెక్కలపద్దు:

చెరగనిరాత గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణ గొప్పదే. అలాంటి కేసు తరానికొకటి వస్తుంది. మిగతావి? గోడ మీద గొడవలు, అన్నదమ్ముల పంతాలు, విడిపోయిన దంపతుల కక్షలు. వాటికి ప్రజల సొమ్ముతో ఇరువైపులా వకీళ్లను నిలబెడితే చట్టం ఎదగదు, వాయిదాలు పెరుగుతాయి. రెండు వాయిదాల్లో తేలేది పది వాయిదాలకు సాగుతుంది. ఆలస్యం వల్ల ఎక్కువ దెబ్బతినేది పేదవారే కదా, ఉన్నవారు ఎంతకాలమైనా ఆగగలరు.

నా ఉద్దేశంలో రెండు పనులు చేయాలి. చట్టాన్ని వకీలు అవసరం లేనంత తేలికగా రాయాలి. కోర్టు గుమ్మం దగ్గర ఎంతోకొంత రుసుము ఉంచాలి. తన చేతి డబ్బు పెట్టవలసి వస్తే తన కేసులో పసవుందో లేదో మనిషి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఊరికే వస్తే ఆలోచించడు. ఇది పేదవారి మీద చిన్నచూపుతో అంటున్న మాట కాదు, మనుషులందరి స్వభావమూ ఇంతే.

చెరగనిరాత:

రుసుము జల్లెడలా పనిచేసి తాలును తీసేస్తుందన్న నమ్మకాన్ని ఒక దేశం నిజంగానే పరీక్షించి చూసింది లెక్కలపద్దు గారూ. 2013 జులైలో బ్రిటన్ ప్రభుత్వం ఉద్యోగ వివాదాల ట్రిబ్యునళ్లలో రుసుములు పెట్టింది. వేతనం ఎగ్గొట్టడం లాంటి మామూలు ఫిర్యాదులకు 390 పౌండ్లు, అన్యాయంగా తొలగించారన్నా వివక్ష చూపారన్నా 1,200 పౌండ్లు. మీరు చెప్పిన కారణాల్లో ఒకటి అప్పుడు ప్రభుత్వం కూడా చెప్పింది, పసలేని కేసులు తగ్గుతాయని. యూనిసన్ అనే కార్మిక సంఘం దీన్ని సవాలు చేసింది. 2017 జులైలో సుప్రీంకోర్టు ఆ రుసుములను ఏకగ్రీవంగా కొట్టేసింది.

ఆ తీర్పులో బయటపడ్డ సంగతులు చూడండి. ఫిర్యాదులు మూడింట రెండొంతుల దాకా పడిపోయాయి. పసలేనివే పోయి ఉంటే మిగిలినవాటిలో గెలుపు శాతం పెరగాలి కదా? పెరగలేదు, తగ్గింది. గెలవగలిగినవారే వెనక్కి వెళ్లిపోయారన్నమాట. రావలసిన బకాయి రుసుము కన్నా తక్కువైతే గెలుస్తానని తెలిసినా ఎవరు వేస్తారు?

ఆ తీర్పు రాసిన లార్డ్ రీడ్ ఇంకొంత ముందుకెళ్లారు. కోర్టుకు వెళ్లగలగడం వల్ల మేలు పొందేది వెళ్లినవారొక్కరే అన్న ఆలోచనను ఆయన కాదన్నారు. నేను పైన చెప్పిన డొనహ్యూ కేసును అక్కడ ఆయన కూడా ఉదాహరణగా తీసుకున్నారు. ఉద్యోగి కోర్టుకు రాగలడని యజమానికి తెలిసినంతకాలం, రాని ఉద్యోగులకు కూడా జీతం సరిగా అందుతుంది. రాలేడని తెలిసిన మరునాడే లెక్క మారుతుంది. నిజాయతీగా జీతాలిచ్చే యజమాని కూడా నష్టపోతాడు, ఎగ్గొట్టే పోటీదారు సరుకు చవకగా అమ్మగలుగుతాడు కాబట్టి.

పాతగుమస్తా:

పెద్ద కేసుల సంగతి పెద్దలు చెబుతున్నారు. నేను చాలాకాలం ఒక ప్లీడరు గారి దగ్గర గుమస్తాగా పనిచేశాను. మేము ఎక్కువగా అప్పులిచ్చినవారి తరఫున దావాలు వేసేవాళ్లం. కాబట్టి నేను చెప్పేది ఎదుటిపక్షం కుర్చీలోంచి చూసింది.

సమన్లు అందుకున్న మనిషి ఏం చేస్తాడో తెలుసా? కాగితాల కట్టలో అంకె ఒక్కటే చదువుతాడు. మిగతా అంతా అతనికి అర్థంకాని భాష. వాయిదా తేదీకి ముందు కోర్టుకు కాదు, మా ఆఫీసుకే వచ్చేవాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, కాగితాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడేవాడు. "అయ్యా, కొంత కట్టాను, మిగిలింది పంట మీద కడతాను" అనో, "ఇంత వడ్డీ నేను ఒప్పుకోలేదు" అనో చెప్పేవాడు. మేము ఎదుటిపక్షం అని కూడా చాలామందికి తెలియదు. కోర్టు నుంచి వచ్చిన కాగితం మీద మా పేరుంది కాబట్టి మేమే కోర్టు అనుకునేవారు. "సరే, చూద్దాం" అనేవాళ్లం. అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ అతను దాన్ని వాయిదా అయిపోయినట్టుగా తీసుకుని వెళ్లిపోయేవాడు. జవాబుదావా వేయడానికి మన దేశంలో ముప్పై రోజులు, మహా అయితే తొంభై. ఆ గడువు పోయేది. పిలిచినప్పుడు పలికేవారు ఉండరు. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అతను లేకుండానే అతని మీద తీర్పు. ఆ తర్వాత జీతం జప్తుకు ఉత్తర్వు వస్తే గానీ తన మీద తీర్పు వచ్చిందని అతనికి తెలియదు.

ఆ దావాల్లో కొన్ని నిలబడేవి కావు. బాకీకి మూడేళ్ల గడువు ఉంటుంది. మధ్యలో కొంత చెల్లించినట్టు ప్రోనోటు వెనక ఒక చెల్లు రాస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. ఆ చెల్లు కింద ఉన్న సంతకం ప్రతివాదిదేనా కాదా అని అడిగేవారే లేకపోతే అది అతనిదే అవుతుంది. జడ్జి గారు చూడరా అంటారు. ఆ రోజు బల్ల మీద ఎన్ని కట్టలుంటాయో చూసినవారు ఆ ప్రశ్న అడగరు. చేతిలో కాగితం పట్టుకుని "ఈ సంతకం నాది కాదు" అని చెప్పించడానికి ఒక న్యాయవాదికి ఐదు నిమిషాలు చాలు.

దీనివల్ల సమాజానికేమిటని అడుగుతున్నారు. ఎవరూ సరిచూడరని తెలిశాక అప్పిచ్చేవారి లెక్కలు నెమ్మదిగా వదులవుతాయి. మొదట వడ్డీ లెక్కలో అలసత్వం, తర్వాత తేదీల్లో. చివరికి సక్రమంగా వ్యాపారం చేసేవారికీ అలా చేయనివారికీ కోర్టులో తేడా ఉండదు. కోర్టు న్యాయం చెప్పే చోటు కాకుండా వసూలు చేసే చోటు అయిపోతుంది. అలా డిక్రీ పడ్డ కుటుంబంలో పిల్లలు పెరిగి పెద్దయ్యాక వాళ్లకు అన్యాయం జరిగితే కోర్టుకు వెళతారనుకుంటున్నారా? పలుకుబడి ఉన్నవాడి దగ్గరికి వెళతారు.

నడిమిమెట్టు:

అందరూ పేదవారి గురించే మాట్లాడుతున్నారు. నేను చిన్న వర్క్‌షాపు నడుపుతాను. ఉచిత న్యాయ సహాయం కోసం మన 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఎవరెవరు అర్హులో చూశాను. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు, విపత్తు బాధితులు, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారు. ఉండవలసినవారే, ఆ జాబితా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను మాత్రం అందులో ఎక్కడా లేను. నాకు రావలసిన బిల్లును ఒక పెద్ద సంస్థ ఆపేసింది. వాళ్లకు జీతాల మీద వకీళ్లు ఉన్నారు. నాకు కేసు నడిపే ఖర్చు బిల్లుకు మించిపోయేలా ఉంది. వాళ్లు ఇస్తామన్న సగానికి తలవంచాను. ఆ సగం పోవడంతో ఒక పనివాణ్ని తీసేయవలసి వచ్చింది.

నా పన్నుతో నడిచే సాయం నాకు అందదు, నా మీద దావా వేసినవారికి అందుతుంది. ఇలా అనుకునే మధ్యతరగతి మనిషి న్యాయ సహాయ బడ్జెట్ కోసం ఎందుకు మాట్లాడతాడు? చెరగనిరాత గారు సమాజం ఖర్చు అంటున్నారు. ఆ సమాజంలో మమ్మల్ని కూడా కలిపితే ఒప్పుకుంటాను.

వకాల్తా:

నేను ప్రాక్టీసులో ఉన్నాను, ఉచిత న్యాయ సహాయ కేసులు కూడా చేస్తాను. వకీలు ఉంటే చాలు సమానత్వం వచ్చినట్టే అన్న ధోరణిలో చర్చ సాగుతోంది. నా బాధ అక్కడే.

వకీలు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో చూపించిన కేసు ఒకటుంది. 1961లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే వ్యక్తి మీద ఒక బిలియర్డ్స్ గదిలో దొంగతనానికి జొరబడ్డాడని కేసు పెట్టారు. తనకు వకీలును ఇవ్వమని అడిగాడు. మరణశిక్ష పడే నేరం కాదు కాబట్టి కుదరదన్నారు. తన వాదన తానే చేసుకుని ఓడిపోయాడు, ఐదేళ్ల శిక్ష పడింది. జైలు నుంచి పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. 1963లో కోర్టు అతని పక్షాన నిలిచింది. తీవ్ర నేరారోపణ ఎదుర్కొనే పేదవారికి రాష్ట్రాలు వకీలును ఇచ్చి తీరాలంది. అదే ఏడాది మళ్లీ విచారణ జరిగింది. ప్రధాన సాక్షి పాత మనిషే, ఆరోపణ పాతదే. ఈసారి ఎదురు ప్రశ్నలు వేసింది ఆ ఊరిని, ఆ సాక్షిని ఎరిగిన న్యాయవాది. తెల్లవారుజామున ఆ సాక్షి అక్కడ ఏం చేస్తున్నాడన్న ప్రశ్న మీదే ఆయన పట్టుబట్టారు. జ్యూరీ సుమారు గంటలో నిర్దోషి అని తేల్చింది.

మన దగ్గర ఇంకొంచెం ముందుకెళ్లారు. నిందితుడు అడగకపోయినా ఉచిత న్యాయ సహాయం ఉందని చెప్పి ఇవ్వవలసిన బాధ్యత కోర్టుదేనని 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడిదాకా బాగానే ఉంది. మరి ఆ ఇచ్చిన వకీలు కేసు ఫైలు ఎప్పుడు చూస్తాడు? చాలా దేశాల్లో ఇలా నియమించిన న్యాయవాదికి ఇచ్చే ఫీజు అతని ప్రయాణ ఖర్చులకు కూడా చాలదు. ఒకరి నెత్తిన మోయలేనన్ని కేసులు. నిందితుణ్ని కోర్టు వరండాలో మొదటిసారి చూసి, అక్కడే "ఒప్పుకుంటే త్వరగా బయటపడతావు" అని చెప్పే పరిస్థితి. కాగితం మీద వకీలు ఉన్నట్టే. గిడియన్ తీర్పు స్ఫూర్తి అందులో ఎక్కడుంది? ఇలాంటి సాయం లేకపోవడం కన్నా ప్రమాదకరమని కూడా అనిపిస్తుంది నాకు. శిక్ష పడ్డవాడికి వకీలు ఉన్నాడుగా అని పై కోర్టు నిశ్చింతగా ఉంటుంది.

సాలెగూడు:

లెక్కలపద్దు గారు చెప్పిన మొదటి దారి గురించి ఎవరూ జవాబు ఇవ్వలేదు. వకీలు అవసరం లేని ఏర్పాటు సాధ్యమే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2016 నుంచి ఒక ఆన్‌లైన్ ట్రిబ్యునల్ నడుస్తోంది. అపార్ట్‌మెంట్ల వివాదాలతో మొదలై మరుసటి ఏడాది చిన్న మొత్తాల దావాలకూ విస్తరించింది. సాధారణంగా అక్కడ ఎవరి వాదన వారే వినిపించుకోవాలి. ముందు ప్రశ్నలు అడుగుతూ మీ సమస్య ఏమిటో, మీ హక్కు ఏమిటో మామూలు భాషలో చెబుతారు. తర్వాత రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతేనే తీర్పు. ఫోను ఉన్నవారెవరైనా ఫిర్యాదు చేయవచ్చు. అందరికీ వకీలును సరఫరా చేయడం ఏ దేశం వల్లా కాదు. ఇలాంటివి కట్టడం అవుతుంది.

చెరగనిరాత:

సాలెగూడు గారూ, చిన్న దావాలకు అది మంచి ఏర్పాటే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఎవరి వాదన వారు చెప్పుకోవచ్చు అన్న వెసులుబాటు హక్కుగా ఎప్పుడు పనికొస్తుందో చూడాలి. ఐర్లండ్‌లో జొహానా ఎయిరీ అనే ఆమె భర్త నుంచి న్యాయపరంగా విడిపోవాలనుకున్నారు. అప్పట్లో ఆ కేసులు హైకోర్టులోనే వేయాలి, వకీలు ఫీజు భరించే స్తోమత ఆమెకు లేదు. ఆమె స్వయంగా వాదించుకోవచ్చు కదా అన్నది ఐర్లండ్ ప్రభుత్వ వాదన. 1972 నుంచి 1978 వరకు అక్కడ దాఖలైన అలాంటి కేసులు 255. అన్నిటిలోనూ కేసు వేసినవారికి వకీలు ఉన్నారు, ఒక్కటి కూడా మినహాయింపు లేదు. ఆ సంగతి ఎత్తిచూపి యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1979లో ఎయిరీ పక్షాన తీర్పు చెప్పింది. హక్కు ఊహలో ఉంటే సరిపోదు, వాడుకోవడానికి వీలుగా ఉండాలంది.

రెండో సంగతి దీనికన్నా లోతైనది. మార్క్ గాలంటర్ అనే అమెరికన్ పండితుడు 1974లో దీన్ని వివరించారు. కోర్టుకు జీవితంలో ఒక్కసారి వచ్చే మనిషికి ఆ కేసు గెలవడమే ముఖ్యం. మళ్లీ మళ్లీ వచ్చే సంస్థకు ఒక కేసు గెలుపోటములతో పనిలేదు, రాబోయే కేసులన్నిటికీ వర్తించే సూత్రం ముఖ్యం. అందుకని ఓడిపోయేలా ఉన్న కేసులను డబ్బిచ్చి రాజీ చేసుకుంటుంది, తీర్పు రానివ్వదు. గెలిచేలా ఉన్నవాటిని చివరిదాకా లాగుతుంది. దశాబ్దాల పాటు ఇలా జరిగితే తీర్పుల పుస్తకాల్లో ఏం మిగులుతుందో ఊహించండి. ఎవరూ లంచం తీసుకోనక్కర్లేదు. న్యాయమూర్తులంతా నిష్పాక్షికంగానే ఉంటారు. అయినా చట్టం ఒకవైపుకు ఒరుగుతుంది. వకీలు దొరకని మనిషి నష్టం ఆ ఒక్కరిది కాదని నేను మొదటినుంచీ అంటున్నది ఇందుకే. నడిమిమెట్టు గారు తీసుకున్న సగం బిల్లు కూడా ఇందులో భాగమే. ఆ రాజీతో ఆ సంస్థ మీద రావలసిన తీర్పు రాకుండా పోయింది. రేపు మరొక వర్క్‌షాపు యజమాని అదే గుమ్మం ముందు నిలబడితే చూపించడానికి ఏమీ ఉండదు.

బ్రిటన్ పోస్టాఫీసుల ఉదంతం గుర్తుచేస్తాను. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ తప్పుడు లోటు చూపిస్తే, 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా శాఖల నిర్వాహకులకు నేరస్థుల ముద్ర పడింది. ఒక నిర్వాహకుడి మీద సుమారు 25,000 పౌండ్ల లోటుకు పోస్టాఫీసు సివిల్ కేసు వేసింది. వకీలును భరించలేక ఆయన తానే వాదించుకున్నారు. 2007లో ఓడిపోయారు. ఎదుటిపక్షం ఖర్చుల కింద 3,21,000 పౌండ్లు ఆయన మీద పడ్డాయి. దివాలా తీశారు. ఆ రోజు కంప్యూటర్ లెక్కల్ని నిపుణుడి చేత తరచి చూపించే వకీలు ఆయన పక్కన ఉండి ఉంటే, ఆ తర్వాత ఎనిమిదేళ్ల పాటు మరెందరి మీదో కేసులు అంత సులువుగా నడిచేవా?

లెక్కలపద్దు:

ఈ ఉదంతాన్ని మీరు సగమే చెప్పారు. ఆ నిర్వాహకుల్లో చాలామందికి వకీళ్లు ఉన్నారు. ఆ వకీళ్ల సలహా మీదే నేరం ఒప్పుకున్నవారు ఎందరో. అసలు దోషం నిబంధనలోనే ఉంది. ఇంగ్లండ్‌లో కంప్యూటర్ సరిగానే పనిచేసిందని ముందు రుజువు చేయాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. దాన్ని 1999 నాటి చట్టంతో ఎత్తేశారు. ఆ తర్వాత కంప్యూటర్ చెప్పింది నిజమనే అనుకోవాలి, కాదనేవారే చూపించుకోవాలి. వేయిమంది వకీళ్లను ఇవ్వడం కన్నా ఆ ఒక్క నిబంధనను ఉంచితే ఎక్కువ మందికి మేలు జరిగేది. నిబంధనలు సరిగా ఉండాలన్నది మొదటినుంచీ నా వాదన.

ఇంకొకటి. చివరికి 555 మంది కలిసి కేసు వేసి 2019లో రాజీ సాధించారు. వచ్చిన 5.8 కోట్ల పౌండ్లలో సింహభాగం వకీళ్లకు, కేసుకు పెట్టుబడి పెట్టినవారికి పోయింది. బాధితులకు మిగిలింది 1.2 కోట్లు. వకీళ్లతో న్యాయం కొనుక్కోవడం ఇంత ఖరీదైతే, ఆ ఖరీదును ప్రజల ఖాతాలో వేయడం పరిష్కారమా?

వకాల్తా:

అక్కడ నిర్వాహకులకు ఉన్న వకీళ్ల దగ్గర ఏం లేదో చూడండి లెక్కలపద్దు గారూ. నిపుణుణ్ని నియమించే డబ్బు లేదు. పోస్టాఫీసు దగ్గరున్న పత్రాలు రాబట్టే సత్తా లేదు. పక్క ఊళ్లో మరో నిర్వాహకుడి మీద ఇదే ఆరోపణ ఉందన్న సమాచారం లేదు. నేను పైన చెప్పిన వరండా వకీలు ఇదే. మీరు మెచ్చుకుంటున్న ఆ పాత నిబంధన పోయినప్పుడు, దాని అవసరం ఎంత ఉందో కోర్టుల్లో పదేపదే చూపించేవారు లేకనే అన్నేళ్లు ఎవరికీ పట్టలేదు. నిబంధనలను సరిచేయమని చట్టసభకు చెప్పేది కూడా ఓడిపోయిన కేసులే. అవి సరిగా వాదించి ఓడిపోయిన కేసులై ఉండాలి.

పాతగుమస్తా:

ఖరీదు సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. వకీలు వస్తే తగాదా పెరుగుతుందన్నది సగం నిజం. నేను చూసినంతలో చాలా దావాలను కోర్టు మెట్లు ఎక్కకుండా ఆపింది ప్లీడర్లే. "నీ కేసు నిలబడదు, రాజీపడు" అని తనవాడికి చెప్పగలిగేది అతను నమ్మిన వకీలు ఒక్కడే. ఎదుటిపక్షం చెబితే వినడు, జడ్జి చెబితే భయపడతాడు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 ఏప్రిల్‌లో కుటుంబ తగాదాల్లో చాలావాటికి న్యాయ సహాయం తీసేశారు. దంపతులు కోర్టు మానేసి మధ్యవర్తుల దగ్గరికి వెళతారని లెక్కవేశారు. జరిగింది వేరు. మధ్యవర్తిత్వానికి వెళ్లేవారు బాగా తగ్గిపోయారు. ఎందుకంటే అంతకుముందు వారిని అక్కడికి పంపింది వకీళ్లే. ఇరువైపులా వకీలు లేని కుటుంబ కేసులు పెరిగాయి. కాగితాలు సర్దడం నుంచి ప్రశ్నలు అడగడం దాకా న్యాయమూర్తే చూసుకోవలసి వస్తే కోర్టు సమయం ఆదా అవుతుందా?

నా మట్టుకు, పెట్టే డబ్బులో ఎక్కువ భాగం సమన్లు అందిన మొదటి వారంలోనే పెట్టాలి. అప్పుడు కావలసింది పెద్ద వకీలు కాదు, కాగితం చదివి ఇది ఏమిటో, ఎన్ని రోజుల్లో ఏం చేయాలో చెప్పగలిగిన శిక్షణ ఉన్న మనిషి. సియెర్రా లియోన్ దేశం 2012 చట్టంలో ఇలాంటి పారాలీగల్ కార్యకర్తలను అధికారికంగా గుర్తించింది. మన దగ్గరా 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయ సేవల సంస్థ పలుకుతుంది. మా ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విప్పినవారిలో ఒక్కరికైనా ఇలాంటి చోటు ఒకటుందని తెలిసినట్టు నాకు కనపడలేదు. నంబరు ఉంటే చాలదు, అదే సమన్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి.

నడిమిమెట్టు:

గుమస్తా గారి మాట నాకు నచ్చింది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 1949లో బ్రిటన్‌లో మొదలైన పథకంలో ఆదాయాన్ని బట్టి మనిషి కొంత వాటా కట్టుకునేవాడు, మిగతాది ప్రభుత్వం భరించేది. కడు పేదవారికే పరిమితం కాలేదు. తర్వాత తర్వాత పరిమితులు బిగించి మధ్యతరగతిని బయటికి నెట్టారు. 2013లో కోత వేసినప్పుడు వీధిలో నిరసన తెలిపింది ఎక్కువగా వకీళ్లు, స్వచ్ఛంద సంస్థలే. తమకు అందని దానికోసం జనం కదలలేదు. వాటా కట్టడానికి నాలాంటివారు సిద్ధం. ఆ తలుపు ఉంటే ఈ బడ్జెట్‌ను కాపాడటానికి ఓటు కూడా ఉంటుంది.

లెక్కలపద్దు:

సమన్లతోపాటు సలహా, మధ్యతరగతికి వాటా పద్ధతి, ఈ రెండింటికీ నేను అడ్డు చెప్పను. సివిల్ తగాదాలన్నిటికీ ప్రజాధనంతో వకీలు అన్నదానికి మాత్రం ఒప్పుకోను. ఆసుపత్రికీ బడికీ పోవలసిన డబ్బు అది. ముందు ఏది, తర్వాత ఏది అని చెప్పకుండా హక్కు హక్కు అంటే చివరికి దేనికీ సరిపోదు.

చెరగనిరాత:

వరస అడిగారు, చెబుతాను. మనిషి స్వేచ్ఛ పోయే కేసు మొదటిది. నీడ పోయే కేసు, అంటే ఇల్లు ఖాళీ చేయించేది, రెండోది. న్యూయార్క్ నగరం 2017లో తక్కువ ఆదాయం ఉన్న అద్దెదారులకు ఇలాంటి కేసుల్లో వకీలు పొందే హక్కు ఇస్తూ స్థానిక చట్టం చేసింది కాబట్టి ఇది గాలిలో మాట కాదు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది మూడోది. జీతం, పెన్షన్ నాలుగోది. గోడ గొడవలకు సాలెగూడు గారి ఆన్‌లైన్ ట్రిబ్యునల్ చాలు.

డబ్బు సంగతికి వస్తే, ఇవ్వకపోతే మిగులుతుందన్న మాటే నాకు మింగుడుపడదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి మన సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీకత్తు అడిగారు. అతని సోదరుడు పూచీ ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించారు. మళ్లీ సుప్రీంకోర్టు దాకా వెళితే గానీ వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలలేదు. మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసులో, నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువకాలం విచారణే లేకుండా బీహార్ జైళ్లలో ఉన్నవారు బయటపడ్డారు. 2022 చివరి లెక్క ప్రకారం కూడా మన జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వారిని అక్కడ ఉంచడానికి తిండి, కాపలా, కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్టు, అన్నిటికీ ఖర్చవుతోంది. బయట వారి జీతం ఆగిపోయింది, పిల్లల బడి ఆగిపోయింది. లెక్కలపద్దు గారూ, మీరు ఆసుపత్రికీ బడికీ పోవలసిన డబ్బు అన్నారు. ఆ డబ్బు ఇప్పటికే జైలు ఖాతాలో పోతోంది. బెయిలు అర్జీ వేసే వకీలు ఫీజును దాని పక్కన పెట్టి చూడండి.